జీపుకు ఎత్తుమడమలు

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాడికి జీపు టైర్లతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడు అడగనే అడిగాడు. పోయిన వేసవిలో రెండు నెలలపాటు నా సంచీలో పాఠ్యపుస్తకాల పక్కన ఒక కొలతటేపూ, ఒక సుద్దముక్కా, ఒక చిన్న నోటుపుస్తకమూ తిరుగుతూ వచ్చాయి. సుద్దముక్క ఎలాగూ వుండేదే అనుకోండి. గురులఘువులు లెక్కపెట్టే అలవాటు అంగుళాలు లెక్కపెట్టడానికి ఇంతగా పనికివస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

గొడవంతా మా బావమరిది తెచ్చిపెట్టాడని ఇంట్లో అంటూ వుంటాను. నిజానికి తెచ్చిపెట్టింది వాడు కాదు, వాన.

మా అత్తగారి ఊరు బోధను అవతల, సాలూర వెళ్లే వైపు. నిజామాబాదులో మా ఇంటి నుంచి బోధను ఇరవై ఐదు కిలోమీటర్ల పైచిలుకు. ఆ పైన మరికాస్త దూరం. అంతవరకూ తారురోడ్డే కాబట్టి చిక్కు లేదు. తారు దిగాక, చేలో వున్న ఇంటికి కిలోమీటరున్నర బండిబాట. దానికి ఒకవైపు నిజాంసాగరు పిల్లకాలువ గట్టు, రెండోవైపు నల్లరేగడి చేలు. రేగడి సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. ఎండాకాలంలో అరచెయ్యి పట్టేంత పగుళ్లు ఇస్తుంది. నాలుగు చినుకులు పడితే చెప్పు వదలదు. నాలుగు రోజులు పడితే మనిషినే వదలదు.

ఆ బాట పాడుకావడానికి కారణం ట్రాక్టర్లు. మా మామగారి కాలంలో అది చెరకు బాట. బోధను శక్కరు ఫ్యాక్టరీ 1937లో పెట్టిన నాటినుంచీ ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ దాని గొట్టం వైపు చూసే బతికాయి. గానుగ మొదలైతే రాత్రీ పగలూ ఎడ్లబండ్లు, తర్వాత రోజుల్లో ట్రాక్టర్లు, వరసలు కట్టేవి. మా శ్రీమతి చిన్నతనంలో బెల్లపు పాకం వాసన రాకపోతే చలికాలం వచ్చినట్టే లెక్క కాదట. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. మామగారు కొన్నాళ్లు చెరకును కామారెడ్డి వైపు పంపారు, కిరాయిలు గిట్టక చివరికి వరిలోకి దిగారు. చెరకు పోయింది గాని ట్రాక్టర్లు పోలేదు. వరి కోతలప్పుడు తడినేల మీద అవి తొక్కిన చాళ్లు ఎండి, రెండు పెద్ద కాలువల్లా గట్టిపడతాయి. మధ్యన మట్టి దిమ్మె పొడుగునా వీపులా లేచి వుంటుంది. ఈ దిమ్మెను బాగా గుర్తు పెట్టుకోండి. కథ అంతా దాని మీదే నడుస్తుంది.

ఇక జీపు. మహీంద్రా ఎం.ఎం. 540, డీజిలు బండి. మామగారు 1996లో ఎవరి దగ్గరో పాతది కొన్నారు. ఆ సంవత్సరం చెరకు డబ్బు చేతికి వచ్చిందని అత్తగారు, రాకముందే కొన్నారని బావమరిది, ఇప్పటికీ వాదించుకుంటారు. ఆయన 2021లో పోయారు. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ, పన్నులు కట్టుకుంటూ, చింతచెట్టు కింద దాన్ని బావమరిది ఎలాగో నిలబెట్టుకు వస్తున్నాడు. అమ్మేద్దామంటే అత్తగారు ఒప్పుకోరు. చేలో ఇల్లు వదిలి మా దగ్గరికి రమ్మంటే, దానికీ ఒప్పుకోరు.

నిరుడు శ్రావణంలో ఒక రాత్రి ఆవిడకు ఆయాసం వచ్చింది. మంచం మీద కూర్చుంటే తప్ప ఊపిరి ఆడడం లేదు. బావమరిది ఆవిణ్ణి జీపులో ఎక్కించుకుని బయలుదేరాడు. మూడువందల గజాలు పోయాక జీపు ఆగిపోయింది. ఇంజను ఆడుతూనే వుంది, చక్రాలు తిరుగుతూనే వున్నాయి, ఫోర్‌వీలు గేరు పడే వుంది. బండి మాత్రం కదలదు. దిగి టార్చి వేసి చూస్తే, వెనక ఇరుసు మధ్యన గుండ్రంగా ఉబికి వుండే డిఫరెన్షియలు పోయి ఆ దిమ్మె మీద కూర్చుంది. తాబేలును బోర్లించిన పీట మీద పెడితే కాళ్లు ఎలా ఆడిస్తుందో, అలా అయింది జీపు పని. పక్కచేను ఆయన్ను లేపి, ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి, గొడుగు పట్టి ఆవిణ్ణి తారురోడ్డు మీదికి తెచ్చేసరికి గంటన్నర పట్టింది. నిజామాబాదులో డాక్టరుగారు అయిదు రోజులు ఉంచుకుని పంపించారు. పంపిస్తూ, “ఈసారి ఇంత ఆలస్యం చెయ్యకండి” అన్నారు. ఆ “ఈసారి” అన్న మాట మా శ్రీమతి మనసులో ముల్లులా దిగిపోయింది.

ఆ తర్వాతనే బావమరిది బుర్రలో ఎత్తుమడమల ఊహ పుట్టింది.

“నాలుగు ఇంచులు లేపిద్దాం బావా. ముప్పై మూడు సైజు టైర్లేద్దాం. ఇగ ఏ బురదైనా మనల్ని ఆపది” అన్నాడు. ఫోనులో బొమ్మలు చూపించాడు. హైదరాబాదులో, గోవాలో, ఇంకా ఎక్కడెక్కడో, చక్రాలు బయటికి పొడుచుకువచ్చి, ఒళ్లు ఆకాశానికి ఎగిరిన జీపులు. చూడముచ్చటగానే వున్నాయి. ఖర్చు కనుక్కుంటే లక్షా అరవై వేలన్నారు. నా శ్రీమతి తన గాజులు ఇస్తానంది. ఆడవాళ్లు గాజుల దాకా వచ్చారంటే మగవాడు పుస్తకం తెరవక తప్పదు. నేను తెరిచాను.

మొదట నేర్చుకున్న సంగతి నన్ను నివ్వెరపరిచింది. దాన్ని నాకు బోధించింది పుస్తకం కాదు, ఆటోనగరులో ముప్పై ఏళ్లుగా జీపులే బాగుచేస్తున్న ఒక ముసలి మిస్త్రీ. అందరూ చాచా అంటారు. ఆయన నా చేతిలో సుద్దముక్క తీసుకుని డిఫరెన్షియలు అడుగున ఒక గీత, జీపు చట్రం మీద ఒక గీత గీశాడు. తర్వాత జాకీ పెట్టి చట్రాన్ని పైకి ఎత్తాడు.

“ఇగ జూడుండ్రి సార్. పై గీత లేసింది. కింది గీత లేసిందా?”

లేవలేదు. ఉన్నచోటే వుంది.

“గంతే. మీ బామ్మర్ది లేపుతనంటున్నది పై గీతను. దిమ్మెకు తాకేది కింది గీత.”

ఎంత చిన్న సంగతో చూడండి. కమానులు మార్చి, పొడుగు షాకిళ్లు వేసి బండిని ఎంత లేపినా లేచేది ఒళ్లే. ఇరుసు చక్రాల మధ్యనే వుంటుంది కాబట్టి, అది లేవాలంటే చక్రమే పెద్దది కావాలి. అదైనా పెరిగిన దాంట్లో సగమే. ఇరవై ఎనిమిది అంగుళాల టైరు తీసి ముప్పై మూడుది వేస్తే పెరిగింది అయిదు, ఇరుసు లేచేది రెండున్నర. మరి నాలుగంగుళాల లిఫ్టు దేనికయ్యా అంటే, ఆ పెద్ద టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా చోటు ఇవ్వడానికి. అంటే లక్షా అరవై వేలలో చాలా భాగం టైరుకు గది కట్టించడానికే పోతుందన్నమాట.

నేను మర్నాడే టేపు పట్టుకుని ఊరికి వెళ్లాను. దిమ్మె ఎత్తు పన్నెండు చోట్ల కొలిచాను. చాలాచోట్ల ఆరూ ఏడూ అంగుళాలు. బండి కూర్చున్నచోటా, ఇంకో మూడుచోట్లా తొమ్మిదిన్నర. డిఫరెన్షియలు కింద ఖాళీ ఏడున్నర. లోటు రెండు అంగుళాలు. రెండు అంగుళాల దూరం మనిషి ప్రాణానికి అడ్డం పడిందా అని అక్కడ గట్టు మీద కూర్చుండిపోయాను. ఛందస్సులో అయితే ఒక లఘువు తక్కువైతే పద్యం కుంటుతుంది, అంతే గదా.

బావమరిది మాట బొత్తిగా కొట్టివేయలేదు సుమా. ముప్పై మూడు టైరు వేస్తే రెండున్నర వస్తుంది, లోటు తీరుతుంది. అయితే ఆ టైరు వెంట వచ్చే చుట్టాలను చాచా వేళ్ల మీద లెక్కపెట్టాడు. పెద్ద చక్రాన్ని తిప్పడానికి ఇంజను ఎక్కువ గుంజాలి. పాత బండికి అసలే లేని బలం ఎక్కణ్ణించి వస్తుంది? యాక్సిలు రాడ్ల మీద బరువు పడుతుంది. బ్రేకులు ఆ చిన్న చక్రానికి లెక్కకట్టి పెట్టినవి, పెద్దదాన్ని అదే దూరంలో ఆపలేవు. మీటరు యాభై చూపిస్తే బండి దాదాపు అరవైలో పోతూ వుంటుంది. (మా జీపు మీటరు 2008 లగాయతు పని చెయ్యడం లేదు, అది వేరే సంగతి.) ఒళ్లు నాలుగంగుళాలు లేపితే గేరుబాక్సు నుంచి ఇరుసుకు పోయే షాఫ్టు మరీ వాలుగా తిరిగి, కీళ్లు త్వరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాలు చాలవు. షాకిళ్లు పొడిగించి లేపితే ముందు ఇరుసు కోణం మారి స్టీరింగు నిలకడ తప్పుతుంది. పైగా షాకిలు రెండు అంగుళాలు పొడిగిస్తే బండి లేచేది ఒక్కటే. పట్టీలు ఎక్కువ వేసి లేపితే కమాను కట్టెలా బిగుసుకుని, గుంటలో చక్రం నేల అందక గాలిలో వేలాడుతుంది. వేలాడే చక్రం బురదలో ఎందుకు?

కమాను అన్నాను గదా. ఫారసీలో కమాను అంటే విల్లు. జీపు కింద ఒకదానిమీద ఒకటి పేర్చిన ఆ ఉక్కు పట్టీలు చూస్తే విల్లే. బండి పోయి మోటారు వచ్చినా ఇరుసు అన్న మాట పోలేదు, విల్లు పోయినా కమాను మిగిలింది. ఈ మాట చాచాతో అంటే, “మీ ఇల్లు చల్లగుండ, మీ విల్లు ఎప్పుడో వంగిపోయింది సార్” అన్నాడు. నిజమే. ముప్పై ఏళ్లు చెరకు గడలూ ఎరువు బస్తాలూ మోసి మా జీపు కమానులు వంపు పోయి దాదాపు బద్దల్లా చదునుబడ్డాయి. కంపెనీవాడు ఇచ్చిన ఎత్తులో అంగుళమున్నర అప్పుడే కరిగిపోయింది. బావమరిది నాలుగు ఎక్కిస్తానంటున్నాడు గాని, వున్నదాంట్లోనే ఒకటిన్నర పోగొట్టుకున్నామని మాకెవరికీ తెలియదు.

ఇంకో మాట చట్టానిది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, బండి వివరాలు తయారుచేసినవాడు నిర్ణయించినదానికి భిన్నంగా వుండేలా మార్పులు చెయ్యకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగానే చెప్పింది. అదే ఏడు చట్టాన్ని సవరించి, అలా మార్చిన యజమానికి ఆరునెలల దాకా జైలో, మార్పు ఒక్కంటికి అయిదువేల జుర్మానానో, రెండూనో అని పెట్టారు. బావమరిది నవ్వి, “రోడ్డు మీద అందరూ తిప్పుతున్నరు గదా” అన్నాడు. తిప్పుతున్నారు. వాళ్లు తిప్పేది ఆటకు. మనం తిప్పేది ఆస్పత్రికి. దారిలో ఎవరికైనా తగిలితే బీమావాడు మొట్టమొదట చూసేది ఆ టైర్లనే అన్నాను. వాడు మొహం ముడుచుకున్నాడు గాని మాట కలిపాడు.

వాణ్ణి అసలు లొంగదీసింది నేనూ కాదు, కోర్టూ కాదు, అత్తగారు. మేము చింతచెట్టు కింద వాదించుకుంటూ వుంటే ఆవిడ మంచం మీద నుంచి అన్నీ వింటున్నారు. కాలువ గట్టు వారగా బాట కొంచెం పక్కకు వాలి వుంటుంది. అక్కడే, ఆవిడ కొత్త కోడలుగా వచ్చిన ఏడు, చెరకు మరీ ఎత్తుగా పేర్చిన బండి ఒకటి బోల్తా పడి, ఎద్దు కాలు విరిగిందట. “ఎత్తుగ గట్టొద్దని మీ తాత మొత్తుకున్నడు. ఇంకో ఖేపు మిగులుతదని గట్టిండ్రు. ఎద్దు మల్ల లేవలె” అన్నారు. బండి బరువు పైకి పోతే వాలునేల మీద ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఫిజిక్సు అక్కర్లేదు. జీపు చక్రాల మధ్య వెడల్పు నాలుగడుగుల చిల్లరే. దాన్ని నాలుగంగుళాలు లేపి, వాన రాత్రి, ఆ గట్టువారనే, ఆయాసంతో వున్న మనిషిని ఎక్కించుకుని పోవాలి.

తర్వాత ఆవిడ ఇంకో మాట అన్నారు.

“జీపును లేపుడెందుకు బిడ్డా? తొవ్వనే దించరాదు?”

మేము ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎమ్మే చదివినవాడికీ, ఫోనులో వెయ్యి జీపులు చూసినవాడికీ తట్టని ఉపాయం అది.

అయితే చెప్పినంత సులువు కాలేదు. ఆ బాట ముగ్గురు రైతుల హద్దుల మీదుగా పోతుంది. ఇటు మొరం పోస్తే అటు నీళ్లు మళ్లుతాయని ఒకరు, మీ జీపు కోసం మా గట్టు చెక్కుతారా అని ఇంకొకరు. ఆ రాత్రి ట్రాక్టరు తెచ్చిన పక్కచేను ఆయనే చివరికి, “ముసలమ్మకు అయితే రేపు మనకు గాదా?” అని అందర్నీ కూర్చోబెట్టాడు. చైత్రంలో ట్రాక్టరుకు బ్లేడు కట్టి దిమ్మె చెక్కించాం. చాళ్లలో పది ట్రిప్పుల మొరం పోయించాం. ఇరవై అయిదు వేలయింది. నలుగురం పంచుకున్నాం, ఒకరి వాటా ఇంకా రావలసి వుంది. దిమ్మె తొమ్మిదిన్నర వున్నచోట అయిదుకు దిగింది.

జీపుకు చేయించింది బహు స్వల్పం. కమానులు విప్పి, విరిగిన పట్టీలు మార్చి, మిగిలినవి వంపు తేల్చి బిగించారు. కొత్త షాకబ్జర్లు వేశారు. టైర్లు మాత్రం, రిజిస్ట్రేషను కాగితంలో వున్న ఆ సన్నపాటి 6.00-16 సైజే, కాకపోతే లోతైన గాడి వున్న మట్టిరకం, స్టెప్నీతో అయిదు. వెడల్పాటి టైరు ఇసకలో తేలుతుంది, పైన జారుడు కింద గట్టినేల వున్న బురదలో సన్నటైరు కోసుకుపోయి కింది గట్టిని పట్టుకుంటుంది అని చాచా వాదం. 1941లో అమెరికా సైన్యానికి విల్లీసువాళ్లు తయారుచేసిన జీపుకు వున్నదీ ఈ సన్నసైజే. మొరం పడ్డాక మా బాటకు కింద గట్టి వచ్చింది కాబట్టి ఆ వాదం మాకు సరిపోయింది. ఒట్టి రేగడి అయితే అడుగే వుండదు, అక్కడ ఏ టైరూ చెల్లదు. పాత టైర్లు నున్నగా అరిగిపోయి వుండడంచేత, కొత్తవి వేసేసరికి ఏ మార్పూ చెయ్యకుండానే ఇరుసు అరంగుళం లేచింది. ఏడున్నర ఎనిమిది అయింది. టేపు పెట్టి రెండుసార్లు కొలిచాను.

గాలి సంగతి కూడా నోటుపుస్తకంలో రాసి, జీపు అద్దం దగ్గర అంటించాను. తారు మీద ఇరవై ఆరు పౌన్లు. బురదలో దిగేముందు ఇరవైకి తగ్గిస్తే టైరు కాస్త పరుచుకుని పట్టు చిక్కుతుంది. ట్యూబు టైరు కాబట్టి అంతకంటే తగ్గిస్తే రిమ్ము మీద జారి ట్యూబు మూతి తెగుతుంది. మళ్లీ తారు ఎక్కగానే కొట్టించుకోవాలి. అందుకని బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి సీటు కింద పెట్టాం. మొత్తం జీపు ఖర్చు యాభై వేల లోపు. గాజులు చేతినే వున్నాయి.

ఒక చిక్కు మాత్రం మేము ఊహించలేదు. కమానులకు ప్రాణం వచ్చి జీపు ఒళ్లు అంగుళమున్నర లేచింది గదా. అత్తగారు మొదటిసారి ఎక్కబోయి కాలు అందక కిందికి దింపేశారు. అంగుళమున్నరకే ఇలా వుంటే నాలుగంగుళాలకు ఏమయ్యేదో! బావమరిది ఏమీ అనకుండా ఇంట్లోకి పోయి, ఆవిడ ఎప్పుడూ కూర్చుని కూర తరుక్కునే పీట తెచ్చి జీపు పక్కన వేశాడు. ఆవిడ దాని మీద కాలు పెట్టి, కొడుకు భుజం పట్టుకుని ఎక్కారు. ఎక్కాక పీటను కూడా లోపలికి అందుకుని ఒళ్లో పెట్టుకున్నారు.

ఈ ఏడు శ్రావణంలో నాలుగు రోజులు విడవకుండా వాన పట్టింది. అయిదోనాడు ఆవిడకు డాక్టరు దగ్గర చూపించుకునే తేదీ. నేను పొద్దున్నే బస్సులో వెళ్లి, బాట మొదట్లో తారురోడ్డు మీద గొడుగు వేసుకుని నిలబడ్డాను. దూరంగా హెడ్‌లైట్లు కనిపించాయి. పోయినేడు బండి కూర్చున్నచోటికి వచ్చేసరికి ఒకసారి వెనకభాగం పక్కకు జారింది. నా గుండె ఆగినంత పనైంది. మళ్లీ సర్దుకుని, మెల్లగా, గట్టువారగా వచ్చి తారు ఎక్కింది. బావమరిది దిగి, నాకేసి చూడకుండా, పంపు తీసి టైర్లలో గాలి కొట్టడం మొదలుపెట్టాడు. అత్తగారు పీట ఒళ్లో పెట్టుకుని వెనకసీట్లో కూర్చుని వున్నారు.

“ఎక్కు అల్లుడా, తడుస్తున్నవ్” అని, పీటను కిందికి అందించారు.